తాగకుండా దించిన లోటా

ఒక లోటాను నేను యాభై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఇత్తడిది. నిండా చోడి అంబలి, అంటే రాగి జావ, ఉంది. అది నా చేతిలో ఉన్నది కాసేపే. ఆ తర్వాత దాన్ని ఒక అరుగు మీద పెట్టి వెనక్కి తిరిగి వచ్చేశాను. పెట్టడం పదిమందీ చూశారు. నాకు మాత్రం అది ఇంకా చేతిలోనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లకు చెప్పగలిగేవాణ్ణయితే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. నా పేరు గానీ మా ఊరి పేరు గానీ ఇక్కడ రాయను. ఇందులో కొంత పిరికితనం ఉంది, కాదనను. ఈ వయసులో పేరు మీద అంత ఆశ ఏమిటని మీరు అడగవచ్చు. మా ఇంట్లో మిగిలింది అదొక్కటే.

పోయిన నెల ఒకావిడ మా ఇంటికి వచ్చింది. విజయనగరంలో ఏదో కాలేజీలో చరిత్ర చెబుతుందట. ఈ సముద్రపు ఒడ్డున ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఊళ్ల గురించి పుస్తకం రాస్తోందట. మర్యాద తెలిసిన పిల్ల. "కట్టుపేట అని ఒకటి ఉండేదట కదండీ, అదెలా పోయింది?" అని అడిగింది. అందరికీ చెప్పేదే ఆవిడకూ చెప్పాను. ప్రభుత్వం ఆసుపత్రిని పట్నానికి మార్చేసింది, బతుకుతెరువు లేక జనం చెదిరిపోయారు అన్నాను. ఆవిడ రాసుకుంది. ఆ కలం కదులుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆసుపత్రిని ఎందుకు మార్చవలసి వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. కాఫీ తాగి వెళ్లమనేవాణ్ణి.

ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. ఇన్నాళ్లూ నోటిమాటగా ఉన్నది ఇప్పుడు అచ్చులోకి ఎక్కుతుంది. నాతోపాటు పోవలసింది నా తర్వాత కూడా ఉంటుంది.

ముందు కట్టుపేట గురించి చెప్పాలి. ఇప్పుడు అక్కడికి వెళితే మీకు జీడిమామిడి తోట తప్ప ఏమీ కనిపించదు.

మా తాతగారి కాలంలో ఈ వైపు జనం ఓడలెక్కి రంగం పోయేవారు. రంగం అంటే రంగూను. అక్కడ నాలుగేళ్లు కూలి చేసుకుని తిరిగొచ్చేవారు. వస్తూ వస్తూ ఓడలో కలరానో మశూచో తెచ్చుకుంటే ఊళ్లు వాళ్లను రానిచ్చేవి కావు. అలాంటివాళ్లను ఉంచడానికి తాతగారు సముద్రానికి మైలు దూరాన, ఇసుక దిబ్బల వెనక, మా సొంత భూమిలో పొడుగాటి పెంకుటి సావిడి కట్టించారు. తర్వాత ప్రభుత్వం దాన్ని తీసుకుని ఒక కాంపౌండరును పెట్టింది. వారానికోసారి డాక్టరు వచ్చిపోయేవాడు. కాగితాల మీద దాని పేరు ఏదైనా, మేం మాత్రం కట్టు ఆసుపత్రి అనేవాళ్లం.

జబ్బు తగ్గినవాళ్లలో కొందరికి తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉండేది కాదు. రావద్దని ఇంటి నుంచే కబురు వచ్చేది. మొహం నిండా మచ్చలు పడిన కోడలిని అత్తవారు మళ్లీ గడప తొక్కనిచ్చేవారు కాదు. వాళ్లంతా ఆసుపత్రి చుట్టూ తాటాకు గుడిసెలు వేసుకున్నారు. వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు. మీది ఏ కులమని ఒకరినొకరు అడగడం మానేశారు. మా నాన్నగారి కాలానికి అది నలభై గడపల పేట. గోగునార తాళ్లు పేనడం వాళ్ల వృత్తి. రైతులకు పలుపులు, నూతులకు చేంతాళ్లు, పడవలకు మోకులు అన్నీ అక్కడివే. వారం వారం సంతలో ఆ తాళ్లు అమ్ముకునే బతికేవారు.

ఇంకొక పని కూడా వాళ్లదే. అమ్మవారు ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు. అందుకని చుట్టుపక్కల ఏ ఊళ్లో మశూచి కనిపించినా రోగిని బండిలో వేసుకొచ్చి ఆ పేట ఆడవాళ్లకు అప్పగించి పోయేవారు. కన్నతల్లి ముట్టుకోవడానికి జంకే ఒంటిని వాళ్లు వేపాకులతో నిమిరేవారు.

ఇక కట్టు సంగతి. మొదటి రోగి రాగానే పేటవాళ్లు కొత్త తాడు ఒకటి పేని, పసుపు రాసి, వేపమండలు గుచ్చి దివాణానికి పంపేవారు. దివాణం అంటే మా ఇల్లు. మా ఇంటి పెద్ద వెళ్లి పేట దారి మొదట్లో ఉన్న రెండు తాటిచెట్లకు ఆ తాడును అడ్డంగా కట్టాలి. అది ఉన్నంతకాలం లోపలివాళ్లు బయటికి రారు, బయటివాళ్లు లోపలికి పోరు. బియ్యం, ఉప్పు తాడు దగ్గర పెట్టి దూరంగా జరిగేవారు. తమను మూసే తాడును తామే పేనుకోవడం వాళ్లకు ఎలా ఉండేదో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

ఆఖరి రోగికి స్నానం చేయించాక డాక్టరు చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీని ఎవరూ నమ్మేవారు కాదు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు చూస్తుండగా మా ఇంటి పెద్ద కట్టు విప్పి, అందరికంటే ముందు లోపలికి నడిచి, ఆసుపత్రి అరుగు మీద కూర్చుని, పేటలో పెద్దావిడ కాచిన చోడి అంబలి లోటాడు తాగాలి. ఎత్తి నోట్లో పోసుకుంటే చెల్లదు. మూతి ఆనించి తాగాలి. మా ఇళ్లలో సొంత లోటాకు కూడా మేం మూతి ఆనించం. దానికంత విలువ ఉన్నది అందుకే. తాగి లోటా బోర్లిస్తే జబ్బు పోయినట్టు. మర్నాడు సంతలో పేటవాళ్ల తాళ్లు అమ్ముడుపోయేవి. బోర్లించకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అలా ఎన్నడూ జరగలేదు.

జమీందారీ ఎస్టేట్లు పోయాక మాకు ఏం మిగిలిందో చెబితే గానీ ఇది మీకు అర్థం కాదు. బండిసాలలో గుర్రపు బండికి చెదలు పట్టింది. వానొస్తే పడమటి గదుల్లో గిన్నెలు పెట్టేవాళ్లం. మా గుమ్మం ముందు నిలబడి మాట్లాడినవాళ్ల కొడుకులు మా ఎదటే బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ల తప్పేమీ లేదని ఇప్పుడు అనగలను. అప్పుడు అనలేకపోయాను. మిగిలిందల్లా ఆ కట్టు. అది మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఏ చట్టానికీ దాని సంగతి తెలియదు.

నేను చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు నాన్నగారు కట్టు విప్పడం చూశాను. తాటిచెట్ల దగ్గర పెద్దలతో కలిసి నిలబడి, అంబలి ఇచ్చిన ఆవిడ వీపు పక్కనుంచి కనిపించినంత చూశాను. తెల్లటి పంచె, భుజం మీద జరీ అంచు కండువా. అరుగు మీద కూర్చుని లోటా మూతికి ఆనించారు. రెండో చేత్తో కండువాను గడ్డం కింద పట్టుకున్నారు. తల వెనక్కి వాల్చారు. లోటా బోర్లించారు. చుక్క రాలలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన భుజం మీద కండువా లేదు. పేటకు ఇచ్చేసి వచ్చారు. ప్రతిసారీ అంతే. కట్టు విప్పిన రోజున కండువా బహూకరించడం దివాణం ఆనవాయితీ అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను కూడా కాలేజీలో స్నేహితులకు చెప్పుకునేవాణ్ణి. మా నాన్నగారు మశూచి పేటలో మూతి ఆనించి అంబలి తాగుతారని, భుజం మీది కండువా తీసి ఇస్తారని. ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. నా వీపు నిటారుగా నిలబడింది ఆ ఒక్క బొమ్మ మీదే.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు, అరవైల చివర, ఎండలు ముదరకముందే పేటకు రోగులు వచ్చారు. తాడు వచ్చింది. నేను కట్టాను. అదే నా మొదటిసారి. అప్పటికి నాకు ముప్ఫయ్యేళ్లు. దాదాపు రెండు నెలలకు డాక్టరు చీటీ వచ్చింది. మర్నాడు సంత అనగా పెద్దలను రమ్మని కబురు పంపాను. ట్రంకు పెట్టెలోంచి కొత్త జరీ కండువా తీయించాను.

తాగుతానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. తాగుతాను అనే జవాబు వచ్చింది. ఇది నిజం. నా ఎడమ జబ్బ మీద టీకా మచ్చ ఉంది. భయపడవలసింది ఏమీ లేదని చదువుకున్నవాడిగా నాకు తెలుసు. తాగాలనే వెళ్లాను.

కట్టు విప్పాను. తాడు కింద పడింది. పెద్దలు తాటిచెట్ల దగ్గర ఆగారు. వాళ్లలో ముందు నిలబడినవాడు అప్పలనాయుడు. పక్క ఊరి పెద్ద రైతు. ఆయన కూతుర్ని నాలుగేళ్ల కింద ఈ పేటలోనే బతికించారు. నేను ఒక్కణ్ణే నడిచి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. పేటవాళ్లు నలభై గడపలవాళ్లూ సావిడి ముందు దూరంగా గుంపుగా నిలబడ్డారు. అప్పటికే మోకుల చుట్టలు, పలుపుల కట్టలు కావిళ్లలో సర్ది ఉన్నాయి. రెండు నెలల తాళ్లు. మర్నాటి సంతకు.

అంబలి తెచ్చింది పైడమ్మ. అరవై దాటిన మనిషి. ఎత్తరి. మొహమంతా మచ్చలు, ఎడమ కన్ను తెల్లబడిపోయింది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు జబ్బు చేసి ఇక్కడికి వచ్చి, మరి తిరిగి వెళ్లలేదట. మా నాన్నగారికి ఎప్పుడూ అంబలి ఇచ్చింది ఆవిడే. లోటా నా చేతిలో పెట్టి, కుండ చంకన పెట్టుకుని, పెద్దలకూ పేటవాళ్లకూ వీపు చేసి నా ఎదురుగా నిలబడింది. నేను లోటా ఎత్తబోతుంటే గొంతు తగ్గించి అంది.

"తాగీయక్కర్నేదు బాబూ. కండువా గెడ్డం కింద ఎట్టుకోండి. నాను అడ్డం నిలుసుంతాను."

నాకు అర్థం కాలేదు. "ఏమిటి?" అన్నాను.

"మీ నాన్నగారు అలగే సేసీవోరు. కండువాలోకి ఒంపీసీవోరు. పాపం, మా అంబలంటే ఆరికి బయ్యం. బయ్యం ఎవులికి నేదు బాబూ? తడిసిన గుడ్డ నాకిచ్చీసి ఎల్లిపోయీవోరు. నాను ఉతికి దాసీదాన్ని."

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూని."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవులికీ తెల్దు. నా కొడుకు సింవాసెలానికి సైతం సెప్పనేదు. సెప్తే మా బతుకేటవుతాది? తవఁరు బెంగెట్టుకోకండి. లోటా బోర్లించీండి, సాలు."

ఇలా అని నవ్వింది. మనవడికి ధైర్యం చెప్పే ముసలావిడ నవ్వు. అందులో వెక్కిరింత లేదు. ఉండి ఉంటే నాకు ఇంతకంటే సుఖంగా ఉండేది.

ఆవిడ మాట అబద్ధమని అనుకోవడానికి నాకు వీలు లేకపోయింది. కండువా ఉందిగా. ఆ మాట వినగానే, గడ్డం కింద కండువా పట్టుకున్న చెయ్యి కనిపించింది. రాలని చుక్క కనిపించింది. ఖాళీ భుజంతో తిరిగి వస్తున్న మనిషి కనిపించాడు. ఎన్నోసార్లు చెప్పుకున్న కథ నాకు ఇటు నుంచి ఎప్పుడూ తెలియలేదు. ఆవిడకు మాత్రం మొదటి నుంచీ ఇటు నుంచే తెలుసు. మా ఇంటి మీద పడి బతుకుతున్నారని మేం అనుకున్న పేటలో ఒక ఒంటికంటి మనిషి ఇన్నేళ్లుగా మా పరువును ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాస్తూ వచ్చింది. ఆవిడ వీపు చాటున మా నాన్నగారు పెద్దమనిషి అయ్యారు.

అప్పుడు నేనేం చేసి ఉండవలసింది? ఈ ప్రశ్న నేను వేల సార్లు వేసుకున్నాను. తాగవచ్చు. తాగితే ఆ ముసలావిడ ముందు నాన్నగారి కంటే మెరుగైనవాణ్ణయ్యేవాణ్ణి. వంచవచ్చు. వంచినా పేట బతికేది. ఆవిడకు కావలసింది లోటా బోర్లించడం. లోపలికి పోయినా, గుడ్డలోకి పోయినా ఆవిడకు ఒకటే. రెండు దారులూ తెరిచి పెట్టింది. నేను మూడోది వెతుక్కున్నాను.

నిండు లోటాను అరుగు మీద పెట్టాను. కొంచెం తొణికింది. భుజం మీది కండువా తీసి దాని పక్కన పెట్టాను. ఆ గుడ్డ మీద నాకు అసహ్యం వేసింది. లేచి నడిచాను. వెనక నుంచి పైడమ్మ, "బాబూ, ఏటయినాది? బాబూ," అంది. తిరిగి చూడలేదు.

తాటిచెట్ల దగ్గర అప్పలనాయుడు అడ్డు వచ్చాడు. "ఏటి బాబూ, తాగనేదేటి? తేడా ఏటైనా కనిపించిందేటి?" అన్నాడు. ఏం చెప్పను? కారణం చెబితే నాన్నగారు పోతారు. కారణం లేదంటే నేను పోతాను. నాయుడు నా మొహం చూశాడు. లోపల అరుగు మీద నిండుగా ఉన్న లోటా కేసి చూశాడు. ఒంగి, కింద పడి ఉన్న తాడు తీసి, తనే రెండు చెట్లకూ మళ్లీ కట్టాడు. దివాణం చెయ్యి కాక మరొక చెయ్యి ఆ ముడి వేయడం అదే మొదటిసారి. నేను చూస్తూ నిలబడ్డాను. 'ముడి వేసే హక్కు నీకు లేదు' అని అప్పుడైనా అనవచ్చు. ఎప్పుడూ లేనిది, ఆ హక్కు గురించి ఆ పూట నాకు పట్టింపు లేకపోయింది.

మర్నాడు సంతలో పేటవాళ్ల తాళ్లు లేవు.

మూడు వారాలకు నాయుడి ఊళ్లోనే మశూచి వచ్చింది. దూరపు ఊళ్లో పెళ్లికి వెళ్లి వచ్చినవాళ్లు తెచ్చారు. పేటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ జనం వేరేలా కలుపుకున్నారు. బాబుగారు ముందే కనిపెట్టారు, లోటా చేత్తో పట్టుకోగానే ఆయనకు తెలిసిపోయింది అన్నారు. దారిలో నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు ఎక్కువయ్యారు. బల్ల మీద కూర్చోవడం నేర్చినవాళ్లు మళ్లీ దిగి నిలబడ్డారు. నేను వద్దనలేదు. అంతకంటే చెప్పాలా? నాకు బాగుంది. ఇన్నేళ్లలో నేను నోటితో అనలేనిది ఈ మాటే. ఆ గౌరవం నాకు బాగుంది.

ఆ రోగులను ఎక్కడికి తీసుకెళ్లారో తెలుసా? కట్టుపేటకే. తాడు కింద నుంచి మంచాలు జరిపి లోపలికి పంపారు. పైడమ్మ, మిగతా ఆడవాళ్లు వాళ్లకు సేవ చేశారు. అందరూ బతకలేదు గానీ చాలామంది బతికారు. మళ్లీ చీటీ వచ్చింది. కట్టు విప్పమని మళ్లీ నాకు కబురు వచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాను.

వాన పడుతుండగా పైడమ్మ కొడుకు సింహాచలం దివాణానికి వచ్చాడు. ఆకలి ఆగక కట్టు దాటి ముందు సంతకు, అక్కణ్ణుంచి నా దగ్గరికి వచ్చాడు. అలా దాటిన మొదటి మనిషి అతనే. చూరు కింద నిలబడ్డాడు. భుజాన కొత్త పలుపుల కట్ట ఉంది. దాన్ని గుమ్మం ముందు పెట్టాడు.

"సంతలో మా తాళ్లు ముట్టుకోడం నేదు బాబూ. ఆసుపత్రి బాబు వచ్చి సెప్పినా ఇన్నారు కాదు. తవఁరొచ్చి ఒక్కసారి తాగీండి. మా యమ్మ మళ్లీ కాస్తాది. ఆ దినం అదేటైనా మాట తూలితే సెప్పండి, నాను కాళ్లట్టుకుంతాను. అడిగితే ఏటీ సెప్పదు, ఒట్టినే ఏడుస్తాది."

అప్పుడు నాకు తెలిసింది, ఆవిడ ఇంకా చెప్పలేదని. పేట ఆకలితో ఉంది. కొడుకు నిలదీస్తున్నాడు. ఒక్క మాట చెబితే తప్పు నా మీదికి వచ్చేది. అయినా చెప్పలేదు. మా నాన్నగారికి ఇచ్చిన మాటా? ఆయన అడిగి ఉంటారా? లేక ఎవరూ అడగకుండానే ఆవిడ తనకు తానే పెట్టుకున్న కట్టా? నాకు తెలియదు.

సింహాచలంతో, "చూద్దాం," అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. పలుపులు అక్కడే వదిలేశాడు. మా పశువులకు వాటినే వాడాం.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఊరు పోయేటప్పుడు చప్పుడు ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. ఉండదు. ముందు పెళ్లి కావలసిన పిల్లలున్నవాళ్లు వెళ్లారు. విజయనగరం వైపు జూటు మిల్లుల్లో కొందరు చేరారు. కొందరు అండమాన్ ఓడ ఎక్కారు. ఎక్కడికి వెళ్లినా కట్టుపేట అని చెప్పుకుని ఉండరు. సేవ చేసే ఆడవాళ్లు లేకపోయాక ఆసుపత్రిలో ఎవరుంటారు? ప్రభుత్వం మంచాలను పట్నానికి తరలించింది. చరిత్ర రాసే ఆవిడతో నేను చెప్పిన నిజం ఇదే. రెండేళ్లకు పేటలో మూడు గడపలు మిగిలాయి. తర్వాత ఒకటి. పైడమ్మ.

ఆవిడ ఎందుకు వెళ్లలేదు? జూటు మిల్లులో చేరిన సింహాచలం రమ్మని పట్టుబట్టినా రాలేదట. ఖాళీ సావిడి అరుగు మీదే ఉండేదట. ఆ అరుగు మీదే పోయింది. రెండు రోజుల దాకా ఎవరూ చూడలేదు. జీడిపిక్కలు ఏరుకోవడానికి వెళ్లినవాళ్లు చూసి చెప్పారు.

కర్మకాండ అయ్యాక సింహాచలం నా దగ్గరికి వచ్చాడు. ఈసారి చూరు కింద నిలబడలేదు. ఎండలో, వాకిలి మధ్య నిలబడ్డాడు. ఒక మూట నా చేతికి ఇవ్వకుండా మెట్టు మీద పెట్టాడు.

"మా యమ్మ పెట్టెలో ఉన్నాయి. ఎవులికీ ఇయ్యొద్దు, దివాణంలో అప్పజెప్పీమని ఎప్పుడో సెప్పింది. ఇయి మీవంట," అన్నాడు.

అతని కళ్లలో ఏముందో చూడడానికి ప్రయత్నించాను. ఏమీ లేదు. అతనికి ఇంకా తెలియదు. ఇవెందుకు దాచిందని అతను అడిగితే చెప్పేస్తానని ఒక్క క్షణం అనిపించింది. అడగలేదు. నమస్కారం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతన్ని మళ్లీ చూడలేదు.

మూటలో జరీ అంచు కండువాలు ఉన్నాయి. తొమ్మిది. ఉతికి, చలువ చేసి, మడతల మధ్య ఎండు వేపాకు పెట్టి ఉన్నాయి. తొమ్మిదీ మా నాన్నగారివి. వాటి మీద ఇంకొకటి ఉంది. అది ఉతకలేదు. ఉతకవలసిన పని లేదు. అంగడి మడత అలాగే ఉంది. పదోది నాది.

అవి ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. నా భార్య ఒకసారి అవేమిటని అడిగింది. నాన్నగారి గుర్తులు అన్నాను.

ఈ మధ్య ఒకసారి ఆ దారిన వెళ్లాను. రెండు తాటిచెట్లలో ఒకటి పిడుగుపడి పోయింది. రెండోదానికి నడుము ఎత్తున, తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి ఇంకా ఉంది. వేలు పెట్టి చూశాను. లోతుగా ఉంది. ఆ గాడిలో ఎన్ని ముడులు మా తాతగారివో, ఎన్ని నాన్నగారివో. తాతగారైనా నిజంగా తాగారా? అది చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరు.

నాన్నగారి కంటే నేను నిజాయితీపరుణ్ణి అని కొన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన తాగినట్టు నటించారు, నేను నటించలేదు అని. ఎంత గొప్ప వాదన. ఆయన భయపడ్డారు గానీ, భయపడుతూనే తొమ్మిది సార్లు ఆ అరుగు దాకా వెళ్లి ఆ పేటను బతికించి వచ్చారు. నాకు భయం లేదు. నాకు కోపం వచ్చింది. నలభై గడపలవాళ్లు నిలబడి చూస్తుండగా, ఒక ముసలావిడ నన్ను కాపాడబోతే, అవమానమనుకున్నాను. ఆమె చాటు నాకెందుకు అనుకున్నాను. అంతే. ఇంత పెద్ద అనర్థానికి ఇంత చిన్న కారణమా అని మీకు అనిపించవచ్చు. నేను కూడా పెద్ద కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ పని చేయగలిగినవాళ్లు ఎక్కడెక్కడ చెదిరిపోయారో నాకు తెలియదు. తెలిసినా అడగగలిగేవాణ్ణో లేదో. ఈ కాగితాలు ఆ చరిత్ర రాస్తున్న ఆవిడకు పంపుతున్నాను, ఆవిడ పుస్తకం ద్వారా మీకు చేరతాయని. పేరు లేకపోయినా ఎవరు రాశారో ఆవిడకు తెలిసిపోతుంది. మా వాకిట్లో కూర్చుని రాసుకున్నదాన్ని కొట్టేసి ఇది రాసుకోమంటాను. నాన్నగారి సంగతి కూడా బయటపడుతుంది. పడనివ్వండి. పైడమ్మ దాచింది చాలు.

ఆ రోజు అప్పలనాయుడు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన కూడా లేడు. అయినా చెబుతున్నాను.

తేడా ఏమీ కనిపించలేదు నాయుడూ. పేటలో జబ్బు లేదు. అంబలి మంచిదే. నేనే తాగలేదు.